కొసరు పోయె... కాగితం రాకపాయె!

సిద్దిపేట: "ఏందవ్వా, కిలోకు గిన్నేనా? ఇంకో రెండు ఎయ్యరాదు!"

"మొగ్గు తూగినంక గూడ అడుగుతవేంది బిడ్డా? నా కడుపు గొట్టకు."

"మొగ్గు మొగ్గే, కొసరు కొసరే. ఎయ్యి, ఎయ్యి!"

అవ్వ సణుక్కుంటూనే గంపలో చెయ్యి పెడుతుంది. రెండు టమాటలు, పిడికెడు పచ్చిమిరపకాయలు, బుద్ధి పుడితే నాలుగు కొత్తిమీర రెమ్మలు సంచిలో పడతాయి. కొన్నామె మొఖం వెలిగిపోతుంది. అమ్మిన అవ్వ కూడా పైకి గొణిగినా లోపల నవ్వుకుంటుంది. సిద్దిపేట చుట్టుపక్కల ఏ ఊరి అంగడికి పోయినా ఈ ముచ్చట ఇప్పటికీ చెవిన పడుతుంది.

లెక్క చూస్తే ఆ కొసరు విలువ ఎంతో ఉండదు. రూపాయో, రెండు రూపాయలో. అయినా దాని వెనక పెద్ద కథే ఉంది. తరాజు కాస్త అటూ ఇటూ అయినా ఈ గుప్పెడుతో సరిపోతుందని ఒక లెక్క. ఇంటికి పోయి కోస్తే వంకాయలో పురుగు కనిపించిందనుకోండి, వచ్చే వారం అదే చెట్టు కింద అదే అవ్వ కూర్చుని ఉంటుంది. "ఏందవ్వా, పుచ్చువి కట్టినవు!" అని నలుగురిలో నిలదీయవచ్చు. అవ్వ ఎక్కడికీ పారిపోదు. కాబట్టి కొసరు అంటే ఊరికే ఇచ్చిన కూరగాయ కాదు. అమ్మినవారు, కొన్నవారు మళ్లీ మొఖం చూసుకోవాలన్న ఒప్పందం.

మరి ఇప్పుడు ఇంట్లోకి వచ్చే సరుకులో అంగడి గంప నుంచి వచ్చేది ఎంత? సబ్బు, నూనె, పేస్టు, బిస్కెట్లు, పప్పు, చివరికి కారం పొడి కూడా కంపెనీ పొట్లంలోనే వస్తున్నాయి. గంపలో విత్తనం పోయి సంచిలో విత్తనం వచ్చింది. పొట్లాన్ని కొసరు అడగలేం. పుచ్చు వస్తే నిలదీయడానికి కంపెనీ మన అంగడికి రాదు. పోయిన కొసరుకు బదులుగా చట్టం కొనేవారి చేతికి ఒక కాగితం ఇచ్చింది. దాని పేరు బిల్లు. కొసరు కోసం పావుగంట పోట్లాడే మన జనం, ఆ బిల్లు అడగడానికి మాత్రం మొహమాటపడుతున్నారు. చిక్కంతా అక్కడే ఉంది.

పొట్లం చిక్కింది!

పిల్లలు తినే 5 రూపాయల బిస్కెట్ పొట్లం ఏళ్ల తరబడి 5 రూపాయలే. అందరికీ సంతోషమే. కానీ చేతిలోకి తీసుకుంటే ఏదో తేడా తెలుస్తుంది. పొట్లం చిక్కింది! ధర పెంచితే జనం గగ్గోలు పెడతారు. బరువు తగ్గిస్తే ఎవరూ చూడరు. ఈ కిటుకు కంపెనీలకు బాగా తెలుసు.

దీనికి విరుగుడు పొట్లం మీదే ఉంది. పొట్లం కట్టిన సరుకుల నిబంధనలను కేంద్రం 2021లో సవరించింది. దాని ప్రకారం మొత్తం ధరతో పాటు, కిలో లోపు పొట్లం అయితే గ్రాముకు ఎంత పడిందో, కిలో దాటితే కిలోకు ఎంత పడిందో కూడా అచ్చు వేయాలి. ఈ ఒక్క అంకె చూసుకుంటే చాలు, రెండు పొట్లాల్లో ఏది చవకో బడికి పోయే పిల్లవాడు కూడా చెప్పేస్తాడు. పెద్ద డబ్బా కొంటే కలిసి వస్తుందని అందరి నమ్మకం. కొన్నిసార్లు చిన్న పొట్లాలు నాలుగు కొంటేనే చవక పడుతుంది. ఇబ్బందల్లా అక్షరాల సైజుతోనే. చత్వారం వచ్చిన కళ్లకు ఆ గీతలు చీమల బారులా కనిపిస్తాయి. అందుకే అద్దాలు మరిచిపోయిన తాతలు మనుమరాలిని వెంట తీసుకుపోవడం మంచిది!

ఇక చల్లటి సీసాల సంగతి. సీసా మీద 20 రూపాయలు అని ఉంటుంది. దుకాణంలో 22 అడుగుతారు. "ఫ్రిజ్‌కు కరెంటు కాలదా?" అని జవాబు. ఎండాకాలం ప్రయాణాల్లో, జాతరల్లో ఈ 'కూలింగ్ చార్జి' మామూలైపోయింది. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారం ఆదివారం కొమురవెల్లి మల్లన్న జాతరకు పోయే జనానికి దాహం వేయక మానదు, సీసా కొనక తప్పదు. చట్టం మాత్రం స్పష్టంగానే ఉంది. సీసా మీద అచ్చు వేసిన గరిష్ఠ ధరలో అన్ని పన్నులూ కలిసే ఉంటాయి. అంతకు తక్కువకు అమ్మవచ్చు గానీ ఒక్క రూపాయి ఎక్కువకు అమ్మరాదు. చల్లదనానికి వేరే వెల లేదు. "బిల్లు కావాలంటే జీఎస్టీ అదనం" అని కొందరు బెదిరిస్తారు. అచ్చు ధరలో జీఎస్టీ చేరే ఉంటుంది కాబట్టి ఆ మాటకు అర్థం లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బులు, తలనూనె, టూత్‌పేస్టు వంటి వాటిపై జీఎస్టీని 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. తగ్గింది తమ ఇంటి దాకా వచ్చిందో లేదో తెలియాలన్నా చేతిలో బిల్లు ఉండాల్సిందే.

చిల్లరకు చాక్లెట్

చిల్లర తగవు ఈనాటిది కాదు. 1957 ఏప్రిల్ 1న రూపాయికి 16 అణాలు పోయి 100 నయాపైసలు వచ్చాయి. అణాకు సరిగ్గా ఆరుంబావు పైసలు రావాలి. పావు పైసా బిళ్ల లేదు గనుక అణాకు ఆరు పైసలే లెక్క కట్టారు. ఆ పావు పైసా ఎవరి జేబులోకి పోయిందని ఆనాడు దుకాణాల ముందు బోలెడు తగవులు. ఇప్పుడు పావు పైసాకు బదులు చాక్లెట్ వచ్చింది. రెండు రూపాయలు తిరిగి రావాలంటే రెండు చాక్లెట్లు చేతిలో పెడతారు. అవే చాక్లెట్లు రేపు మనం సరుకుకు బదులుగా ఇస్తే తీసుకుంటారా? ససేమిరా!

10 రూపాయల బిళ్లది ఇంకో తంటా. "ఇది నడవది" అని ఇప్పటికీ కొన్ని దుకాణాల్లో వెనక్కి నెట్టేస్తారు. ఒక బిళ్ల మీద గీతలు పది ఉన్నాయి, ఇంకోదాని మీద పదిహేను ఉన్నాయి, ఇందులో ఏది అసలు, ఏది నకిలీ అని పంచాయితీ. రిజర్వు బ్యాంకు 2018 జనవరి 17న దీని మీద ప్రకటన చేసింది. అప్పటికి 14 రకాల నమూనాల్లో 10 రూపాయల బిళ్లలు వచ్చాయని, అన్నీ చెల్లుతాయని తేల్చి చెప్పింది. అయినా చాలా ఇళ్లలో ఆ బిళ్లలు గూట్లో డబ్బాలో మూలుగుతూనే ఉన్నాయి. బ్యాంకులో వేస్తే తీసుకుంటారు. దుకాణంలో ఇస్తే మొఖం చిట్లిస్తారు.

ఈ తిప్పల నుంచి గట్టెక్కించింది ఫోను. 2016లో మొదలైన యూపీఐ ఇవాళ అంగడిలో ఆకుకూరల గంప దాకా వచ్చింది. గంప అంచుకు ఒక గీతల అట్ట, పక్కన ఒక పలికే డబ్బా. డబ్బు పడగానే "15 రూపాయలు వచ్చాయి" అని డబ్బా గట్టిగా అరుస్తుంది. అక్షరం రాని అవ్వకు ఆ అరుపే లెక్క, అదే రసీదు. కొన్నవారికి చిల్లర బాధ లేదు, అమ్మినవారికి దొంగనోటు భయం లేదు. ఈ కాలపు చిన్న చిన్న సుఖాల్లో ఇదొకటి.

కానీ అప్పుడప్పుడు ఖాతాలో కోత పడుతుంది, డబ్బా మాత్రం పలకదు. "నాకు రాలేదు" అని దుకాణదారు, "నాకు పోయినయి" అని కొన్నవాడు. మధ్యలో పైసలు ఎక్కడ తిరుగుతున్నాయో దేవుడికే ఎరుక. దీనికి రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న గడువు పెట్టింది. దుకాణానికి కొట్టిన డబ్బు అలా చిక్కుకుంటే లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోపు దానంతట అదే తిరిగి ఖాతాలో పడాలి. ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. ఏటీఎంలో నోట్లు రాకుండా ఖాతాలో కోత పడినా ఇదే పద్ధతి. కాబట్టి కంగారు పడి రెండోసారి కొట్టే ముందు ఫోనులో వచ్చిన నంబరు చూసుకుని, బ్యాంకులో ఫిర్యాదు రాయించుకోవాలి.

కాంటా మీద కన్ను

సోల, తవ్వ, మానిక పోయి కిలోలు, లీటర్లు వచ్చాయి. తరాజు పోయి అంకెల కాంటా వచ్చింది. అంకె కనిపిస్తోంది గనుక మోసం ఉండదని చాలామంది ధీమా. అంకె చెప్పేదంతా నిజమైతే తూనికలు కొలతల శాఖ ఎందుకు? అంకెల కాంటాకు 12 నెలలకోసారి, మామూలు తరాజుకు, తూకపు రాళ్లకు 24 నెలలకోసారి ఆ శాఖ పరీక్ష చేసి ముద్ర వేయాలి. ముద్ర వేసిన పత్రం దుకాణంలో కనిపించేలా ఉండాలి. కాంటా మీద సరుకు పెట్టకముందు సున్నా ఉందా లేదా అని ఒక్క చూపు చూస్తే సగం మోసం అక్కడే ఆగుతుంది. మిఠాయి దుకాణంలో అట్టపెట్టెతో సహా తూచి, పెట్టె బరువుకు కూడా మిఠాయి ధర కట్టేస్తే ఊరుకోవద్దు. కొన్నది మిఠాయి గానీ అట్ట కాదు కదా!

గ్యాస్ బండ సంగతీ అంతే. ఇంటికి వాడే బండలో గ్యాస్ 14.2 కిలోలు ఉండాలి. ఖాళీ బండ బరువు దాని మెడ దగ్గరే రాసి ఉంటుంది. రెండూ కలిపితే ఎంత రావాలో అంత రావాలి. అనుమానం వస్తే బండ తెచ్చినవారిని తూచి చూపించమని అడగవచ్చు. పెట్రోలు బంకులో కూడా 5 లీటర్ల కొలపాత్ర ఉంటుంది. అందులో పోసి చూపించమంటే చూపించాలి. వీటిలో ఏదీ దయ తలచి చేసేది కాదు. కొనేవారికి ఉన్న హక్కు.

డబ్బా వచ్చింది!

ఒకప్పుడు పెళ్లి బట్టలకు, ఫ్యాన్లకు, మిక్సీలకు సిద్దిపేట బజారుకు, అక్కడా దొరకకపోతే బస్సెక్కి హైదరాబాదుకు పోవలసి వచ్చేది. 2023 అక్టోబరు 3న సిద్దిపేట నుంచి సికింద్రాబాదుకు రైలు కూడా మొదలైంది. కానీ ఈలోగా బజారే ఫోనులోకి దూరింది. పొద్దున వేలుతో నొక్కితే నాలుగు రోజులకు అట్టడబ్బా మన గల్లీలోకే వస్తుంది. తెచ్చే పిల్లవాడు ఎక్కువసార్లు పక్క ఊరి పిల్లవాడే. "అక్కా, డబ్బా వచ్చింది" అని అతను కేక వేస్తే వాకిలి ఊడుస్తున్నామె చీపురు వదిలేసి వస్తుంది. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరతారు. డబ్బా విప్పే ఆ రెండు నిమిషాలు పండుగే!

విప్పాక మాత్రం కొన్నిసార్లు పండుగ తుస్సుమంటుంది. బొమ్మలో చూసింది ముదురు ఎరుపు, డబ్బాలో ఉన్నది వెలిసిన గులాబీ. చెప్పులు ఒక సైజు తక్కువ. వాపసు పంపుదామంటే తీసుకుపోవడానికి ఇవాళ వస్తాం, రేపు వస్తాం అంటూ వారం గడుపుతారు. ఈ అమ్మకాలకు కేంద్రం 2020లో వేరే నిబంధనలు పెట్టింది. అమ్మే సంస్థ ఫిర్యాదుల అధికారి పేరు, నంబరు కనిపించేలా పెట్టాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి. నెలలోపు పరిష్కరించాలి. సరుకు ఏ దేశంలో తయారైందో కూడా రాయాలి. ఖరీదైన సరుకైతే డబ్బా విప్పేటప్పుడే పక్కవారి ఫోనులో వీడియో తీయించుకుంటే తర్వాత మాటకు బలం ఉంటుంది.

డబ్బా పేరుతో దొంగలూ తిరుగుతున్నారు. "మీ పార్సిల్ ఆగిపోయింది, ఓటీపీ చెప్పండి" అని ఫోను వస్తే చెప్పవద్దు. చెప్పి మోసపోతే గంటల తరబడి కూర్చుని ఏడవకుండా వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత తొందరగా చెబితే పైసలు ఆపే వీలు అంత ఎక్కువ.

అద్దిన బొమ్మా? నేసిన బొమ్మా?

సిద్దిపేట పేరు చెప్పగానే గొల్లభామ చీర గుర్తుకు వస్తుంది. తలమీద కుండతో నడిచే గొల్లభామ బొమ్మను మగ్గం మీద పోగు పోగు చేర్చి నేస్తారు. ఈ చీరకు 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఆ పేరు పెట్టి అమ్మే హక్కు ఇక్కడి నేతకే ఉంటుంది. కానీ పేరున్న చోట నకలు పుట్టకుండా ఉంటుందా? మరమగ్గం మీద గుడ్డ నేసి, బొమ్మ అద్ది, 'గొల్లభామ' అని అమ్మితే కొన్నామెకు నష్టం. అంతకంటే మగ్గం గుంటలో కాళ్లు ఆడించే నేతగాడికి ఇంకా నష్టం.

చీరను వెనక్కి తిప్పి చూడాలి. అద్దిన బొమ్మ అయితే వెనక రంగు పాలిపోయి ఉంటుంది. నేసిన బొమ్మ అయితే వెనక కూడా పోగులు కనిపిస్తాయి. చేనేత వస్త్రాలకు 2006 నుంచి 'హ్యాండ్లూమ్ మార్క్' ముద్ర కూడా ఉంది. నేతగాడి ఇంటి గడపలో కూర్చుని, మగ్గం చప్పుడు వింటూ చీర కొన్న సుఖం ఏ డబ్బాలోనూ రాదు. అదీ ఒక రకం కొసరే.

ఉద్దెర విత్తనం

బిస్కెట్ పొట్లంలో పది గ్రాములు పోతే పోయింది. చీర రంగు వెలిస్తే ఒక చీరతో పోయింది. విత్తనం మొలవకపోతే? ఒక కారు పంట పోతుంది. దుక్కి కూలి, ఎరువు, అప్పు మీద వడ్డీ అన్నీ నెత్తిన పడతాయి. పల్లెలో అన్నిటికంటే పెద్ద కొనుగోలుదారు రైతే. అందరికంటే తక్కువ బిల్లులు చేతిలో ఉన్నదీ రైతుకే.

ఎందుకంటే కొనడం ఉద్దెరకు. విత్తనాలు, ఎరువులు, మందులు ఒకే దుకాణంలో తెస్తారు. లెక్క సేటు నోటుబుక్కులో పడుతుంది. పంట వచ్చాక తీరుస్తారు. "పైసలియ్యకుంట బిల్లెట్ల అడుగుతం? ఏమనుకుంటడో!" అని రైతు వెనక్కి తగ్గుతాడు. "పైసలు కట్టినప్పుడు రాసిస్తా తియ్యి" అని సేటు అంటాడు. మొలక సరిగ్గా లేదని నెల తర్వాత తెలిసినప్పుడు రైతు చేతిలో ఏమీ ఉండదు. "ఆ విత్తనం నా దగ్గర కొన్నదేనా?" అని ఒక్క మాట అంటే చాలు, కథ కంచికి.

నిజానికి ఈ మొహమాటం అక్కరలేదు. 1983 నాటి విత్తన నియంత్రణ ఉత్తర్వు ప్రకారం విత్తనం అమ్మిన ప్రతి డీలరూ కొన్నవారికి రసీదు ఇచ్చి తీరాలి. నగదుకైతే నగదు రసీదు, ఉద్దెరకైతే ఉద్దెర రసీదు. ఎరువులకు 1985 నాటి నియంత్రణ ఉత్తర్వులోనూ ఇదే ఉంది. ఇక వినియోగదారుల చట్టం ప్రకారం పైసలు పూర్తిగా కట్టినవాడే కొనుగోలుదారు కాదు. కడతానని ఒప్పుకుని తీసుకున్నవాడు, కొంత కట్టి కొంత బాకీ ఉన్నవాడు కూడా కొనుగోలుదారే. బాకీ ఉన్నంత మాత్రాన హక్కు పోదు. ఉద్దెర నోటుబుక్కు సేటు దగ్గర ఉంటే, ఉద్దెర బిల్లు రైతు దగ్గర ఉండాలి. న్యాయం అంటే అదీ.

"రైతు వినియోగదారుడు కాడు, పంట అమ్ముకునే వ్యాపారి" అనే వాదన కూడా ఒకప్పుడు నడిచింది. ఇది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతుల కేసులోనే సుప్రీంకోర్టు దాకా పోయింది. జాతీయ విత్తన సంస్థ విత్తనాలు వేసి నష్టపోయిన రైతులు జిల్లా ఫోరాలకు ఎక్కి పరిహారం గెలుచుకున్నారు. సంస్థ పై కోర్టులకు పోయింది. విత్తనాలకు 1966 చట్టం వేరే ఉంది, ఫోరాలకు పని లేదు అన్నది దాని వాదన. విత్తనాన్ని ప్రయోగశాలలో పరీక్ష చేయించకుండా తీర్పు ఎలా చెబుతారనీ అడిగింది. 2012 జనవరి 16న సుప్రీంకోర్టు రైతుల పక్షాన తీర్పు చెప్పింది. రైతు వినియోగదారుడే అన్నది. విత్తన చట్టం ఉన్నా వినియోగదారుల ఫోరానికి పోవచ్చన్నది. రైతు కొన్న విత్తనమంతా చేనులో వేస్తాడు, రేపు పరీక్షకు కావాలని ఎవరూ దాచుకోరు, ఆ వంకతో అతని ఫిర్యాదును కొట్టేయరాదన్నది. నాగలి పట్టిన మనిషి ఎలా బతుకుతాడో తెలిసి చెప్పిన తీర్పు అది.

కోర్టు దాచమనకపోయినా దాచుకుంటే మేలు. పత్తి విత్తనం కొన్నప్పుడు పొట్లం చింపే ముందు దాని మీది లాటు నంబరు, గడువు తేదీ, ధర చూసుకోవాలి. బీటీ పత్తి విత్తనానికి కేంద్రం గరిష్ఠ ధర ప్రకటిస్తుంది. 475 గ్రాముల బీజీ-2 పొట్లానికి 2024లో అది 864 రూపాయలు. గిరాకీ ఉందని అంతకంటే ఎక్కువ అడిగితే అది నేరమే. ఖాళీ పొట్లం, దాని చీటీ, బిల్లు, గుప్పెడు విత్తనం ఒక డబ్బాలో పెట్టి అటక మీద పడేస్తే చాలు. మొలక దెబ్బతింటే చేను దున్నేయకముందే ఏఈఓకు, మండల వ్యవసాయ అధికారికి రాసి ఇచ్చి, వారు వచ్చి చూసి రాసిన కాగితం నకలు తీసుకోవాలి. దున్నేసిన తర్వాత చెబితే చూడటానికి ఏముంటుంది?

ఎరువుల దుకాణంలో మరో బాధ ఉంది. యూరియా సంచి కావాలంటే ఫలానా మందు డబ్బా కూడా కొనాలని మెలిక పెడతారు. 2025 వానాకాలంలో యూరియాకు కరువొచ్చి రాష్ట్రమంతటా రైతులు పాసుపుస్తకాలు, చెప్పులు వరుసలో పెట్టి ఎదురుచూశారు. అలాంటి రోజుల్లో మెలిక పెట్టినవాడిదే రాజ్యం. వద్దని గొడవ పడితే ఉన్న సంచీ పోతుందని భయం. కానీ ఇలా అంటగట్టడానికి వీల్లేదు. బిల్లు మీద ఆ మందు పేరు, ధర రాయించుకుంటే చాలు, అది రేపు సాక్ష్యంగా నిలుస్తుంది.

ఎక్కడ చెప్పుకోవాలి?

కొనేవారి కోసం దేశంలో మొదటి సమగ్ర చట్టం 1986 డిసెంబరు 24న రాష్ట్రపతి ఆమోదం పొందింది. ఆ రోజునే ఏటా జాతీయ వినియోగదారుల దినం జరుపుతున్నారు. అప్పట్లో సిద్దిపేట మెదక్ జిల్లాలో ఉండేది. ఫోరం కోసం సంగారెడ్డి పోవలసి వచ్చేది. హైదరాబాదు దుకాణంలో కొన్న సరుకు చెడితే హైదరాబాదు ఫోరానికే పోవలసి వచ్చేది. బస్సు కిరాయి లెక్క వేసుకుని "పోతే పోనీ" అని వదిలేసినవారే ఎక్కువ.

2019లో కొత్త చట్టం చేశారు. అది 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు సరుకు ఢిల్లీ నుంచి తెప్పించుకున్నా, ఫిర్యాదు మాత్రం తాము ఉండే జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు అయితే ఫీజు లేదు. 50 లక్షల దాకా జిల్లా కమిషనే వింటుంది. వకీలును పెట్టుకోవడం తప్పనిసరి కాదు. ఫోనులో, కంప్యూటర్‌లో కూడా ఫిర్యాదు వేయవచ్చు. అయితే నష్టం జరిగిన నాటి నుంచి రెండేళ్ల లోపు వేయాలి.

"ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న బోర్డు చూడని దుకాణం ఉందా? కొత్త చట్టం ఆ బోర్డుకు కోరలు పీకింది. లోపం ఉన్న సరుకును బిల్లులో రాసిన గడువులోపు, గడువు రాయకపోతే 30 రోజుల లోపు వాపసు తీసుకోకపోవడం అక్రమ వ్యాపారమే అన్నది. అసలు బిల్లు ఇవ్వకపోవడమే అక్రమ వ్యాపారం అన్నది. బిల్లు అడగడం సేటును అవమానించడం కాదు, చట్టం చెప్పిన పని చేయమనడమే.

కమిషన్ దాకా పోయే ముందు ఇంకో దారి ఉంది. 1915 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడి ఫిర్యాదు రాసుకుంటారు. అక్కడి నుంచి కంపెనీకి కబురు పోతుంది. చాలా చిన్న తగవులు కోర్టు గడప తొక్కకుండానే అక్కడ తేలిపోతాయి. ఫోను చేయగానే అటువైపు నుంచి వచ్చే ప్రశ్నల్లో ముఖ్యమైనది ఒకటే: "బిల్లు ఉందా?"

అటక మీద డబ్బా

పాత రోజుల్లో ప్రతి ఇంట్లో ఒక రేకు పెట్టె ఉండేది. పట్టా కాగితాలు, పిల్లల జాతకాలు, అప్పు పత్రాలు అందులో భద్రంగా ఉండేవి. ఇవాళ అదే పెట్టెలో ఇంకో మూల బిల్లులకు ఇవ్వాలి. విత్తనం బిల్లు, మోటారు బిల్లు, ఫోను బిల్లు, మిక్సీ గ్యారంటీ కార్డు అన్నీ అందులో పడాలి. మరీ పలచటి కాగితం మీద అచ్చయ్యే బిల్లు నాలుగు నెలలకే తెల్లబడిపోతుంది. దాన్ని ఫోనులో ఫొటో తీసి ఉంచుకుంటే ఎండకు, చెదలకు భయం లేదు.

అలాగని అన్నిచోట్లా కాగితమే కావాలని కాదు. కొత్తిమీర కట్టకు బిల్లు అడిగితే అవ్వ నవ్విపోతుంది! అక్కడ కొసరే బిల్లు. వచ్చే వారం అవ్వ మళ్లీ అదే చెట్టు కింద కూర్చుంటుంది గనుక అక్కడ ఆ నమ్మకం చాలు. మొఖం కనిపించని చోట మాత్రం కాగితం కావాలి. పొట్లం దగ్గర, సంచి దగ్గర, డబ్బా దగ్గర అవ్వ లేదు. అక్కడ కొసరు అడిగినంత గట్టిగా, అంత హక్కుగా, అదే నవ్వుతో బిల్లు అడగాలి.

"సేటూ, ఉద్దెరయితే ఏమాయె... బిల్లు రాసియ్యి!"

ఈ ఒక్క మాట నోట్లోంచి వస్తే వచ్చే వానాకాలం రైతుకు సగం భయం తీరినట్టే.